డప్పు విన్న తెల్లగుర్రం

ఉప్పల్‌లో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి. సాయంత్రం బరాత్ బయలుదేరాల్సిన వేళ దాటిపోయినా బ్యాండు వాళ్ళు రాలేదు. పెళ్ళికొడుకు లోపల తలపాగా సర్దుకుంటూనే ఉన్నాడు. ఫంక్షన్ హాలు బయట, ఫ్లైఓవర్ స్తంభం పక్కన, అద్దాలు కుట్టిన ఎర్ర గుడ్డ కప్పుకొని ఒక తెల్లటి ఆడగుర్రం నిలబడి ఉంది. దాన్ని తెచ్చినాయన అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, జర లగాం పట్టుకుంటరా? చాయ్ తాగొస్త. ఏమనదది."

కళ్ళెం తాడు నా చేతిలో పెట్టి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా నేను గుర్రాన్ని చేత్తో ముట్టుకున్నదే లేదు. నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ చూసుకుంటాను. మెషీన్ల చప్పుడులో పగలంతా గడుస్తుంది. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో ఆ చప్పుడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం మాత్రం వింత జరిగింది. గుర్రం ఒకసారి నన్ను వాసన చూసి, తల దించి, గడ్డాన్ని నా భుజం మీద ఆనించింది. కళ్ళు మూసుకుంది. దాని ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతోంది. ఎదురుగా వరంగల్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు పోతూనే ఉన్నాయి, కానీ ఆ చప్పుడంతా ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు అనిపించింది. నేను కదలలేదు. కదిలితే దానికి మెలకువ వస్తుందేమోనని నా భయం.

ఆయన తిరిగి వచ్చాక అడిగాను, ఇది ఎక్కడుంటుందని.

"నారపల్లి దాటినంక ఉంటదమ్మా, మా పెద్దసారు తాన. పెళ్ళిళ్ళు లేనప్పుడు ఆదివారం పొద్దుగాల సారు దీని మీదనే సవారీ నేర్పుతడు."

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ వయసుల పెళ్ళికొడుకు లెక్క గుర్రమెక్కుతవా?" అన్నాడు. అన్నాడే గాని, ఆ ఆదివారం చీకటి విడవకముందే లేచి నా స్కూటీలో పెట్రోలు ఉందో లేదో చూసింది ఆయనే.

నారపల్లి దాటాక హైవే దిగితే వెంచర్లు మొదలవుతాయి. తారురోడ్లు ఉంటాయి, ఇళ్ళుండవు. దీపపు స్తంభాలుంటాయి, దీపాలుండవు. పెద్ద కమాను దాటి లోపలికి పోతే, ఎవరూ కూర్చోని సిమెంటు బెంచీలు, ఎవరూ ఊగని ఉయ్యాలలు, రంగు వేసిన హద్దురాళ్ళు వరుసగా. ఆ వెంచరు చివర రేకుల షెడ్డులో మూడు గుర్రాలు. పెద్దసారు అంటే అరవై దాటిన మనిషి. గుర్రాల పోలీసులో పనిచేసి రిటైరైనాడు. పొడవాటి మనిషి, నడుస్తుంటే ఇంకా గుర్రం మీదే ఉన్నట్టు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నడుస్తాడు. మొదటిరోజు ఆయన నా ముఖం చూడలేదు, నా చెప్పులు చూశాడు.

"గివి ఏసుకొని ఎక్కితే రికాబుల కాలు ఇరుక్కుంటది బిడ్డా. పడ్డవనుకో, గుర్రం ఆగదు, నిన్ను ఈడ్సుకుంట పోతది. మడమున్న బూట్లు కొనుక్కొని రా. నెత్తికి టోపీ నేనిస్త."

మరుసటి వారం బూట్లతో వెళ్ళాను. తలకు గట్టి టోపీ పెట్టి, గడ్డం కింద పట్టీ ఆయనే బిగించి, వేలు దూర్చి చూశాడు. తెల్లగుర్రం నన్ను గుర్తుపట్టిందని నేననుకున్నాను. పట్టిందో లేదో దానికే తెలియాలి.

ఒంటరిగా షెడ్డు ముందు గుండ్రంగా తిరగడం కొన్ని నెలల్లో వచ్చింది. తర్వాత అందరం కలిసి బయటికి వెళ్ళడం మొదలైంది. అందరం అంటే ముగ్గురం: ముందు సారు తన ముసలి నల్లగుర్రం మీద, మధ్యలో తెల్లదాని మీద నేను, చివర బోడుప్పల్ నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. అతనిది రేసుల్లో పరుగెత్తి మానేసిన గోధుమరంగు గుర్రం. దానికి వెనక నుంచి ఎవరైనా దగ్గరికొస్తే తన్నే అలవాటు, అందుకే దాన్ని అందరికంటే చివర ఉంచేవాడు సారు. తోకకు ఎర్ర గుడ్డ ముక్క కట్టేవాడు. తన్నే గుర్రానికి అది గుర్తట. రోడ్డు పక్క చాయ్ బండి ఆమె ఒకరోజు దాన్ని చూసి, "దిష్టి తగలకుంట కట్టిన్రా?" అని అడిగింది. సారు ముఖంలో నవ్వు లేకుండా, "ఆ, దిష్టికే. నువ్వు మాత్రం దాని ఎనకకు రాకు" అన్నాడు.

గుర్రం మీద కూర్చోవడం ఒక విద్య అయితే, నలుగురితో కలిసి పోవడం వేరే విద్య అని నాకు ఆ ఆదివారాలే నేర్పాయి. ఒకరు ఎక్కుతుంటే మిగతావాళ్ళు కదలకూడదు. కదిలితే ఎక్కుతున్నవాళ్ళ గుర్రం కూడా కదిలిపోతుంది. ముందు గుర్రం వెనక గిట్టలు నా గుర్రం చెవుల మధ్య నుంచి కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే మరీ దగ్గరికి పోయినట్టు. చిన్న పరుగు అందుకోవాలనుకుంటే ముందువాళ్ళనూ వెనకవాళ్ళనూ అడగాలి. వద్దని ఒక్కరన్నా నడకే. గొర్రెలు వచ్చినా, బడిపిల్లలు వచ్చినా, ముసలివాళ్ళు వచ్చినా నడకే. సారు ముందు నుంచి "గుంత" అంటే నేను "గుంత" అంటాను, వెనక తమ్ముడు "గుంత" అంటాడు. ఆ మాట గుర్రం నుంచి గుర్రానికి మెల్లగా జారుకుంటూ పోతుంది. తీగ, గాజుపెంకులు, కుక్క. అంతకుమించి మాటలుండవు.

మాటల్లేని ఆ నడకలో నిద్రా కాని మెలకువా కాని స్థితి ఒకటి వచ్చేది. చలికాలం మంచులో సారు వీపు ఒకసారి కనిపించేది, ఒకసారి కరిగిపోయేది. నల్లగుర్రం తోక మాత్రం అటూ ఇటూ ఊగుతూ మంచును ఊడుస్తున్నట్టు ఉండేది. వెంచర్ల కమానులు ఎక్కడికీ పోని వాకిళ్ళలాగా ఎదురొచ్చేవి. దూరంగా ఘట్‌కేసర్ వైపు రైలు కూతపెడితే మూడు గుర్రాల చెవులూ ఒకేసారి అటు తిరిగేవి. నా నడుము గుర్రం నడకతో ఊగి ఊగి, నేనెక్కడ అయిపోతానో అదెక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయేది. వారమంతా మెషీను లెక్కన కదిలిన చేతులు అప్పుడు కళ్ళెం పట్టుకొని ఊరికే ఉండేవి.

అలాంటి ఒక ఉదయమే, మంచు విడిపోయి ఎండ పొడిచాక, షెడ్డుకు తిరిగి వస్తున్నాం. పక్క ఊరి దారి మా వెంచరు రోడ్డును కలిసే చోట సారు చెయ్యి పైకెత్తాడు. అంటే ఆగమని. ఆగి చెవి పెడితే డప్పులు వినిపించాయి. చెట్ల అవతల నుంచి మనుషులు వస్తున్నారు. ముందు డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక పూలు చుట్టిన పాడె.

"ఎవరో పోయినట్టున్నరు" అన్నాడు సారు. "పక్కకు తిప్పుండ్రి. గా ఖాళీ ప్లాట్లకు పోయి దిగుండ్రి. చావు ఎదురొస్తే గుర్రం మీద కూసోవద్దు."

ముగ్గురం ప్లాట్లలోకి తిప్పి దిగాం. గుర్రాల తలలను డప్పుల వైపే ఉంచమన్నాడు. చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కళ్ళకు కనిపిస్తే వాటికి భయం తగ్గుతుందట. ఎడం ఎడంగా నిలబడ్డాం. అంతవరకూ అన్నీ సరిగ్గానే జరిగాయి. ఇంతలో ఊరేగింపు ముందున్న కుర్రాళ్ళు రోడ్డు మీద పటాకుల సరం ఒకటి పరిచి అంటించారు.

మొదటి టపాకాయకే గోధుమగుర్రం వెనకకాళ్ళ మీద లేచింది. రెండోసారి లేచినప్పుడు తమ్ముడి చేతిలోంచి కళ్ళెం జారిపోయింది. మరుక్షణం అది గిట్టల కింద మట్టి ఎగరేస్తూ, జీను ఖాళీగా ఊగుతుండగా, హద్దురాళ్ళ మీదుగా దూకుతూ వెంచరు లోపలికి పోయింది. తమ్ముడు అరుచుకుంటూ దాని వెంట పరుగెత్తాడు.

"ఉర్కకు!" సారు గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ఏయ్, ఆగు! నువ్వు ఉర్కితే అది ఇంక ఉర్కుతది. హైవే మీదికి పోతది. ఆగు!"

తమ్ముడు ఆగాడు. "సార్, దానికేమన్న అయితే?" అన్నాడు.

"ఏం గాదు. ఇవి రెండు ఈడ నిమ్మళంగ నిలవడ్డయంటే అదే ఎతుక్కుంట వస్తది. గుంపు ఇడిసి గుర్రం ఎక్కువసేపు ఉండలేదు. మనం గాబరవడితే ఇవి గూడ పోతయి. కూసో గా బెంచి మీద."

సారు నల్లగుర్రం మెడ నిమురుతూ, దూరంగా వెంచరు చివర గుండ్రంగా తిరుగుతున్న గోధుమగుర్రం మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. నేనూ అలాగే నిలబడాలనుకున్నాను. కానీ డప్పులు దగ్గరికొచ్చాయి, తెల్లగుర్రం కాళ్ళు నా మాట వినలేదు.

ముందు కుడికాలు ఎత్తింది. దించింది. ఎడమకాలు ఎత్తింది. మెడ విల్లులా వంచి, జూలు విదిలించి, ఉన్నచోటే అడుగులు వేయడం మొదలుపెట్టింది. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఊరేగింపుల్లో దాని చేత అలా ఆడించారో! డప్పు ఎందుకు మోగుతుందో దానికేం తెలుసు? నేను కళ్ళెం దగ్గరికి పట్టి, "వద్దే, వద్దే" అని మెల్లగా అంటూనే ఉన్నాను. అది ఆడుతూనే ఉంది. పాడె మోస్తున్నవాళ్ళు ఇటు చూశారు. వెనక వస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి చూశారు. నా ముఖం సిగ్గుతో మండిపోయింది.

జుట్టు విరబోసుకున్న ఒకామె గుంపులోంచి విడివడి మా వైపు వచ్చింది. నా వయసుదే, లేదా కాస్త పెద్దది. తిడుతుందనుకున్నాను.

"తప్పుగ అనుకోకమ్మా," అన్నాను ముందే. "పెళ్ళిళ్ళ గుర్రమిది. డప్పు ఇంటే దీని కాళ్ళు ఆగవు. దూరం తీస్కపోత."

ఆమె నన్ను చూడలేదు. గుర్రం కాళ్ళనే చూస్తోంది.

"మా అవ్వ," అంది పాడె వైపు చెయ్యి చూపి. "నా కన్నతల్లి. నిండ బతికి పోయింది. లగ్గమయినప్పుడు అత్తగారింటికి గుర్రం లేదు, బండి లేదు, మా నాయిన ఎనక నడుసుకుంట వచ్చిందట. కాళ్ళు బొబ్బలెక్కినయని ఎప్పుడు జెప్పేది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడనియ్యి. మీకు ఇబ్బంది లేకుంటే జర ముంగటికి తీస్కరారాదు? మా అవ్వ ముంగట ఆడనియ్యి."

నేను సారు వైపు చూశాను. ఆయన ఒక క్షణం ఆలోచించాడు.

"పో బిడ్డా. డప్పుకు అది బెదరదు, దానికి అలవాటే. నువ్వు దాని మెడ పక్కన నడువు, ముంగట నడవకు. మనుషులను ఎడంగ ఉండుమను." తర్వాత ఆ కుర్రాళ్ళను కేకేశాడు. "బిడ్డా, ఇంక పటాకులు మాత్రం కాల్చకుండ్రి. మీకు దండం పెడ్త."

వాళ్ళలో ఒకడు చేతిలో మిగిలిన సరాన్ని తీసుకెళ్ళి గోడ పక్కన పెట్టి వచ్చాడు.

అలా నేను ముక్కూ ముఖం తెలియని ఒక పెద్దామె పాడె ముందు గుర్రాన్ని నడిపించుకుంటూ పోయాను. ఆ దారి ఎంత దూరమో ఇప్పటికీ చెప్పలేను. డప్పులవాళ్ళలో ముసలాయన ఒకడు గుర్రం గిట్టల వైపు చూస్తూ దెబ్బ మార్చాడు, నెమ్మది చేశాడు. గుర్రం కూడా నెమ్మదించింది. ఆయన డప్పు మీద పుల్లతో సన్నగా రాస్తే అది కాలు గాల్లోనే ఆపి నిలబడేది. గట్టిగా వేస్తే కాలు నేలకు దించేది. వాళ్ళిద్దరికీ ఎప్పటినుంచో పరిచయం ఉన్నట్టుంది. చల్లిన పేలాలు దాని తెల్లటి వీపు మీద పడి నిలిచాయి. ఎవరో బంతిపూల దండ దాని మెడకు తగిలించారు. నాకు ఏడుపు వచ్చింది, ఎవరి కోసమో తెలియదు. మా వెనక ఆడవాళ్ళు ఏడుస్తూనే మధ్యమధ్య నవ్వుతున్నారు. "సూడవ్వా, నీకోసం గుర్రమొచ్చిందే," అని ఎవరో పాడె వైపు తిరిగి చెబుతున్నారు. ఎండ చెట్ల ఆకుల్లోంచి వడగట్టినట్టు పచ్చగా పడుతోంది. ఆ దారి ఎప్పటికీ అలాగే సాగుతుందేమో, మేమంతా అలాగే నడుస్తూ ఉంటామేమో అనిపించింది.

దింపుడు కల్లం దగ్గర డప్పులు ఆగాయి. గుర్రమూ ఆగింది. పాడెను నేల మీద దించారు. పెద్దకొడుకు వంగి తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, "అవ్వా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ. ఆ నిశ్శబ్దంలో ప్రతి పిలుపుకూ గుర్రం చెవులు రెండూ అటే తిరిగాయి. అక్కడున్న వాళ్ళంతా ఆ చెవులనే చూస్తున్నారని నాకు తర్వాత తట్టింది.

ఆడవాళ్ళు అక్కడి నుంచి వెనుదిరిగారు. ఆ కూతురు గుర్రం దగ్గరికి వచ్చి, దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంది.

తిరిగి ప్లాట్ల దగ్గరికి వచ్చేసరికి సారు ఎక్కడ వదిలానో అక్కడే ఉన్నాడు. నల్లగుర్రం పక్కన గోధుమగుర్రం నిలబడి ఉంది, ఒళ్ళంతా చెమట, తెగిన కళ్ళెం వేలాడుతోంది. దానంతటదే వచ్చిందట. ముందు దూరంగా ఆగి చూసిందట, తర్వాత గడ్డి మేస్తున్నట్టు నటిస్తూ కొంచెం కొంచెం జరిగిందట, చివరికి నల్లదాని పక్కకు చేరి ఊపిరి వదిలిందట. తమ్ముడు దాని కాళ్ళు ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నేనైతే ఉర్కుతుండె," అన్నాడు. "సారు ఆపకుంటే గా హైవే దాక దాన్ని నేనే తరుముతుండె."

"ఎవ్వలైన ఉర్కుతరు," అన్నాడు సారు. "నేను గూడ నా కొత్తల ఉర్కిన. ఇయ్యాల ఇంక ఎవ్వలు ఎక్కకుండ్రి. నడిపిచ్చుకుంటనే పోదాం."

గుర్రాలను పక్కన పెట్టుకొని షెడ్డు దాకా కాలినడకన పోయాం. నీళ్ళు పెట్టి, ఒళ్ళు తుడిచి, పేలాలు దులిపాను. కొన్ని జూలులోనే ఉండిపోయాయి.

నెల దాటాక, ఒక ఆదివారం మేం జీనులు వేస్తుంటే ఆ కూతురు షెడ్డుకు వచ్చింది. చేతిలో సంచి నిండా శనగలు. గుర్రాలకు తెచ్చానంది. సంచి దించి వెళ్ళిపోతుందనుకున్నాను, పోలేదు. చాలాసేపు తెల్లదాన్ని నిమురుతూ నిలబడి, చివరికి నెమ్మదిగా అడిగింది, "జరసేపు ఎక్కొచ్చునా?"

సారు ఆమెకు టోపీ పెట్టాడు. పట్టీ బిగించి వేలు దూర్చి చూశాడు. నా బూట్లు ఆమెకు సరిపోయాయి. ఆమె ఎక్కుతున్నంతసేపూ మేం ఎవరం కదలలేదు. ఆ రోజు నేను చెప్పులేసుకొని తెల్లదాని పక్కన కళ్ళెం పట్టుకొని నడిచాను. ముందు సారు, బాగా ఎడంగా వెనక తమ్ముడు. నడక తప్ప ఇంకేం లేదు. మొదట్లో ఆమె జీను ముందంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. రెండు వీధులు తిరిగేసరికి ఒక చెయ్యి వదిలింది.

ఇళ్ళు లేని ఒక మలుపు దగ్గర, "ఆపుండ్రి," అంది. ఆపాను. సారు ముందు, తమ్ముడు వెనక ఆగారు.

ఆమె గుర్రం మీద నుంచి చెయ్యి చాపి చూపించింది. "గీడ మా చెల్క ఉండె. గా స్తంభం తాన బాయి. బూడ్సిన్రు. గిట్లనుంచి గట్ల ఒడ్డు ఉంటుండె, ఎత్తుగ. కిందికెళ్ళి చూస్తే ఏం తెలుస్తలేదు గని, పైకెళ్ళి చూస్తే కనవడుతున్నది." ఆమె వేలు చూపిన వైపు చూశాను. ముందు హద్దురాళ్ళే కనిపించాయి. తర్వాత, రోడ్డు అవతల గడ్డి ఒక గీత వెంట కాస్త ఎత్తుగా, కాస్త ముదురుగా, వంకర తిరిగి పోతోంది. "అవ్వ గా ఒడ్డు మీద కూసొని సద్ది తింటుండె. నేను ఆ పక్కన ఆడుకుంటుండె."

ఎవరూ తొందర పెట్టలేదు. కళ్ళేలు వదులు చేస్తే గుర్రాలు తలలు దించి హద్దురాళ్ళ చుట్టూ మొలిచిన గడ్డి కొరుక్కుంటున్నాయి. ఆమె పైన కూర్చొని, వాళ్ళమ్మ కూర్చున్న చోటు వైపు చూస్తూ ఉంది.